చలిలోకి కరెంటు పంపిన ప్రొఫెసరు - కామర్లింగ్ ఓన్నెస్

1868 ఆగస్టు 18వ తేదీన మన గుంటూరు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు అంత దూరమూ ప్రయాణం చేసి వచ్చి గుంటూరులో మకాం పెట్టాడు. ఆ గ్రహణం నాటి సూర్యకాంతిలోనూ, ఆ తర్వాత అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ చేసిన పరిశీలనలోనూ కనిపించిన ఒక పసుపుపచ్చ గీత భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ చెందలేదు. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే దొర ఒక ఖనిజంలో నుంచి దాన్ని పట్టుకునేదాకా ఆ వాయువు భూమి మీద ఉందనే ఎవరికీ తెలియదు.

గ్రహణం నాటికి హాలెండు దేశంలో, గ్రోనింగెన్ అనే ఊళ్ళో, పదిహేనో ఏడు నిండవస్తున్న కుర్రవాడొకడు బడిలో చదువుకుంటున్నాడు. నలభై ఏళ్ళ తర్వాత ఆ హీలియాన్ని ద్రవంగా మార్చి గాజుపాత్రలో పోసి చూపించినవాడు అతనే. పేరు హైకె కామర్లింగ్ ఓన్నెస్. మన ఫిజిక్సు పుస్తకాల్లో ఆయన పేరు ఒక్క లైనులో వచ్చి వెళ్ళిపోతుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆ రెండు మార్కుల వెనక ఒక నిండు జీవితం ఉంది, ఒక తీరని కోరిక కూడా ఉంది. దాన్ని గురించి మన సంచిక పాఠకులతో కాసేపు ముచ్చటించాలని ఈ ప్రయత్నం.

ఓన్నెస్ 1853 సెప్టెంబరు 21న పుట్టాడు. తండ్రికి ఇటుకల ఫ్యాక్టరీ ఉండేది. ఇంట్లో క్రమశిక్షణ ఎక్కువ, దానితోబాటు కళాభిరుచి కూడా ఎక్కువే. తమ్ముడు మెన్సో చిత్రకారుడయ్యాడు, చెల్లెలు ఒక చిత్రకారుణ్ణి పెళ్ళాడింది. హైకె మాత్రం సైన్సు వైపు తిరిగాడు. 1870లో సొంత ఊళ్ళోనే యూనివర్సిటీలో చేరాడు. మరుసటి సంవత్సరం జర్మనీ వెళ్ళి హైడెల్‌బెర్గులో బున్సెన్, కిర్కాఫ్ అనే ఇద్దరు ఉద్దండుల దగ్గర రెండేళ్ళు శిష్యరికం చేశాడు. మన కెమిస్ట్రీ లేబ్‌లో రోజూ వెలిగించే బర్నరు ఆ బున్సెన్ పేరు మీదిదే. భూభ్రమణాన్ని లోలకంతో నిరూపించే విషయం మీద 1879లో డాక్టరేటు పొందాడు.

1882లో, ఇరవై తొమ్మిదేళ్ళకే, లైడెన్ యూనివర్సిటీలో ప్రయోగ భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. పదవి స్వీకరిస్తూ ఇచ్చిన ఉపన్యాసంలో, కొలత ద్వారానే జ్ఞానం వస్తుందన్న మాట ప్రతి ప్రయోగశాల గుమ్మం మీదా రాసి ఉండాలని తన అభిమతం చెప్పాడు. అప్పట్లో ఆమ్‌స్టర్‌డాంలో వాండర్ వాల్స్ వాయువుల గురించి కొత్త సిద్ధాంతాలు చెబుతున్నాడు. అవి నిజమో కాదో తేలాలంటే వాయువుల్ని బాగా చల్లబరిచి కొలవాలి. చల్లబరచాలంటే యంత్రాలు కావాలి. యంత్రాలు కావాలంటే పనివాళ్ళు కావాలి. ఓన్నెస్ పట్టిన దారి ఇదీ.

ఆయన గొప్పతనం ఇక్కడే ఉందని నాకు తోస్తుంది. ప్రొఫెసరంటే నల్లబల్ల దగ్గర నిలబడేవాడనీ, పైపులూ పంపులూ మిస్త్రీల పని అనీ అనుకునే కాలం అది. (ఆ కాలం మన దగ్గర పూర్తిగా పోయిందా అన్నది వేరే సంగతి.) ఓన్నెస్ లేబరేటరీని ఒక కార్ఖానాలా నడిపాడు. పరికరాలు చేసేవాళ్ళకీ, గాజు ఊదేవాళ్ళకీ శిక్షణ ఇవ్వడానికి 1901లో ఒక బడి పెట్టించాడు. అక్కడి కుర్రాళ్ళు నీలం దుస్తులు వేసుకునేవాళ్ళు కాబట్టి వాళ్ళని నీలం కుర్రాళ్ళు అని పిలిచేవారు. గాజుపనిలో కెస్సెల్‌రింగ్, శీతల యంత్రాల పనిలో ఫ్లిమ్ ఆయనకి రెండు చేతులు. వాళ్ళు లేకపోతే ఆయన పేరు మనదాకా వచ్చేది కాదు.

దారి సాఫీగా ఏమీ సాగలేదు. 1807లో లైడెన్ నడిబొడ్డున కాలువలో తుపాకిమందుతో ఉన్న పడవ పేలి ఆ పేట నేలమట్టమైంది. ఆ పాడుపడ్డ జాగాలోనే తర్వాత ఫిజిక్సు లేబరేటరీ కట్టారు. అక్కడ ఒత్తిడి పెట్టిన వాయువుల సిలిండర్లు ఉన్నాయని తెలిసేసరికి ఊరివాళ్ళు హడలిపోయారు. 1895లో గొడవ ప్రభుత్వం దాకా వెళ్ళింది, కమిషను వేశారు, పని ఆగిపోయింది. దాదాపు మూడేళ్ళు! 1898లో అనుమతి వచ్చేసరికి లండనులో డ్యూవర్ హైడ్రోజన్ని ద్రవంగా మార్చేశాడు. పందెంలో వెనకబడ్డాడన్నమాట. మనమైతే నిస్పృహ చెందేవాళ్ళం. ఓన్నెస్ తొందరపడలేదు. డ్యూవర్ కొద్దికొద్దిగా చేసినదాన్ని గంటకి లీటర్ల లెక్కన చేసే ప్లాంటు కట్టడం మీద దృష్టి పెట్టాడు. 1906కి అది సిద్ధమైంది.

ఇక మిగిలింది హీలియం ఒక్కటే. ఆ వాయువు కోసం మోనజైట్ ఇసుక కావాలి. మన భీమునిపట్నం తీరపు ఇసుకలో కూడా ఉండే ఖనిజమే అది. ఓన్నెస్‌కి అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి వచ్చింది. వ్యాపార సమాచార శాఖలో ఉన్న ఇంకో తమ్ముడు ఓన్నో ఆ ఏర్పాటు చూశాడు. ఆ ఇసుకని వేడిచేసి, వచ్చిన వాయువుని శుద్ధిచేసి, కొన్ని వందల లీటర్లు కూడబెట్టేసరికి నెలల తరబడి పట్టింది.

1908 జులై 10. తెల్లవారుజామున ఆరు గంటలు కాకముందే పని మొదలైంది. ముందురోజే 75 లీటర్ల ద్రవ వాయువు సిద్ధం చేసిపెట్టుకున్నారు. మధ్యాహ్నం ఒకటిన్నరకి 20 లీటర్ల ద్రవ హైడ్రోజన్ చేతికొచ్చింది. సాయంత్రం నాలుగు దాటాక హీలియాన్ని యంత్రంలో తిప్పడం మొదలెట్టారు. ఉష్ణోగ్రత దిగుతూ దిగుతూ 5 కెల్విన్ల కంటే కాస్త కింద ఆగిపోయింది, ఎంతకీ కదలదు. ద్రవ హైడ్రోజన్ ఆఖరి పాత్ర కూడా తగిలించేశారు. అంతా వృథా అయిందనుకుంటున్న సమయంలో, చూడడానికి వచ్చిన రసాయనశాస్త్ర ప్రొఫెసరు ష్రైన్‌మేకర్స్, థర్మామీటరు ద్రవంలో మునిగి ఉన్నట్టే ప్రవర్తిస్తోంది కదా అని సందేహం వెలిబుచ్చాడు. కింద నుంచి దీపం వేసి చూశారు. నిజమే! పాత్రలో ద్రవం ఉంది. అది మరీ స్వచ్ఛంగా ఉండడంవల్ల అంతసేపూ కంటికి ఆనలేదు. మొత్తం 60 ఘన సెంటీమీటర్లు, అంటే ఒక చిన్న కాఫీ కప్పుడు. భూమి మీద అంతకంటే చల్లని చోటు అప్పటికి ఇంకెక్కడా లేదు.

అంత చలిలో లోహాల నిరోధం ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. ఎలక్ట్రాన్లు గడ్డకట్టి నిరోధం అనంతమైపోతుందని కెల్విన్ ప్రభువు ఊహ. క్రమంగా తగ్గి సున్నా అవుతుందని ఇంకొందరి ఊహ. ప్లాటినం, బంగారం పరీక్షించి చూస్తే, మాలిన్యాలవల్ల కొంత నిరోధం మిగిలిపోతోందని ఓన్నెస్‌కి తోచింది. అంచేత బాగా శుద్ధి చేయడానికి వీలైన పాదరసాన్ని ఎన్నుకున్నాడు. 1911 ఏప్రిల్ 8న, పంపుల అదురు తగలకుండా దూరంగా ఒక చీకటి గదిలో గాల్వనోమీటరు ముందు కూర్చున్న శిష్యుడు హోల్స్ట్, 3 కెల్విన్ల దగ్గర పాదరసం నిరోధం దాదాపు లేనట్టే ఉందని చూశాడు. తర్వాతి కొలతల్లో ఆ మార్పు నెమ్మదిగా కాక, 4.2 కెల్విన్ల దగ్గర ఉన్నట్టుండి జరుగుతోందని తేలింది. అదే అతివాహకత్వం. తమాషా ఏమిటంటే, పాదరసంలో కావాలని మాలిన్యం కలిపినా అది పోలేదు. శుద్ధి కోసం పడ్డ తిప్పలు అనవసరమే, కాని ఆ తిప్పలు పడకపోతే పాదరసం దాకా వచ్చేవాడు కాదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ఫలితాన్ని ప్రకటించిన వ్యాసాల మీద రచయితగా ఉన్న పేరు ఓన్నెస్‌ది ఒక్కటే. గాల్వనోమీటరు దగ్గర కూర్చున్న హోల్స్ట్‌కి రచయితగా చోటు దక్కలేదు. అది ఆ రోజుల ఆనవాయితీ అనవచ్చు. అయినా గురుశిష్యులం ఇద్దరమూ చదివే ఈ సంచికలో ఆ సంగతి తలుచుకోవడం మంచిది. హోల్స్ట్ తర్వాత ఫిలిప్స్ కంపెనీలో చేరి అక్కడి ప్రఖ్యాత పరిశోధనాలయాన్ని తీర్చిదిద్దాడు.

1913లో ఓన్నెస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు షికాగోలో జరిగిన శీతలీకరణ మహాసభలో తన మనసులోని పెద్ద కోరిక బయటపెట్టాడు. అదేమిటంటే, లక్ష గాస్‌ల అయస్కాంతం. రాగితీగ చుట్టి, ద్రవ వాయువుతో చల్లబరిచి అంత అయస్కాంతం కడితే ఒక యుద్ధనౌక ఖరీదు అవుతుందని అప్పటికే ఫ్రాన్సులో లెక్క వేశారు. అతివాహక తీగకి నిరోధమే లేదు, వేడే పుట్టదు. కాబట్టి సీసపు తీగో, తగరపు తీగో చుట్టి హీలియంలో ముంచితే చాలని ఓన్నెస్ ఆశ. సీసపు తీగతో చుట్ట కట్టి చూశాడు కూడా. కొద్దిపాటి కరెంటు దాటగానే అతివాహకత్వం ఎగిరిపోయింది. తీగలోనో, ఇన్సులేషన్లోనో లోపం ఉందనుకున్నాడు. 1914లో అసలు కారణం తెలిసింది. సుమారు 600 గాస్‌లు దాటితే చాలు, అయస్కాంత క్షేత్రమే సీసంలోని అతివాహకత్వాన్ని చంపేస్తుంది. లక్ష అడిగినవాడికి ఆరువందలు! తను పెంచిన చెట్టు తన నీడకే చచ్చిపోయినట్టయింది.

అయినా ఆ సంవత్సరమే ఒక అద్భుతం చేసి చూపించాడు. సీసపు చుట్టని బయటి అయస్కాంతపు క్షేత్రంలో ఉంచి చల్లబరిచి, తర్వాత ఆ అయస్కాంతాన్ని తీసేశాడు. చుట్టలో కరెంటు పుట్టింది. బ్యాటరీ లేదు, బయటి తీగ లేదు, అయినా కరెంటు గంటల తరబడి తిరుగుతూనే ఉంది, పక్కన పెట్టిన దిక్సూచి ముల్లు చెదరకుండా దానికి సాక్ష్యం చెబుతోంది.

బయటి తీగ లేదు అన్నాను కదూ? దానిలోనే ఒక పెద్ద చిక్కు దాగి ఉంది. నిజమైన అయస్కాంతానికి బయట నుంచి కరెంటు పంపాలి. కరెంటు పుట్టేది వెచ్చని గదిలో, 300 కెల్విన్ల దగ్గర. చేరవలసింది 4 కెల్విన్ల హీలియంలోకి. మధ్యలో ఒక తీగ ఉండక తప్పదు, దాన్నే కరెంటు లీడు అంటారు. ఓన్నెస్ పుట్టిన 1853లోనే వీడెమాన్, ఫ్రాంట్స్ అనే ఇద్దరు జర్మన్లు ఒక సూత్రం చెప్పారు. విద్యుత్తుని బాగా మోసే లోహం వేడినీ బాగా మోస్తుందని. రాగి లీడుని లావుగా చేస్తే గదిలో వేడి దాని గుండా లోపలికి జారిపోతుంది. సన్నగా చేస్తే కరెంటువల్ల అదే కాగిపోతుంది. ఎటు తిరిగినా హీలియం మరుగుతుంది. ఈ రెంటి మధ్య లెక్క ప్రకారం అతి తక్కువ నష్టం వచ్చే ఒకే ఒక కొలత ఉంది. అది కూడా, 1000 ఆంపియర్ల లీడు ఒక్కొక్కటీ సుమారు 47 వాట్ల వేడిని లోపలికి పంపుతుంది. అంటే గంటకి 60 లీటర్లకి పైగా ద్రవ హీలియం ఆవిరి! పైకి లేచే ఆ చల్లని ఆవిరినే లీడు చుట్టూ తిప్పి చల్లబరిస్తే నష్టం ఒక వాటుకి కాస్త ఎక్కువ స్థాయికి తగ్గుతుంది. వాటు మాత్రమే కదా అనుకోకండి. అంత చలిలో ఒక్క వాటు వేడిని బయటికి తోడాలంటే, పెద్ద ప్లాంట్లలో కూడా పైన రెండు వందల వాట్లకు పైగా ఖర్చు పెట్టాలి.

ఓన్నెస్ కోరిక ఆయన పోయిన చాలా కాలానికి తీరింది. 1961లో అమెరికాలో నియోబియం, తగరం కలిసిన తీగ 88,000 గాస్‌ల క్షేత్రంలో కూడా అతివాహకంగానే ఉందని కనుక్కున్నారు. అప్పటి నుంచి పెద్ద అయస్కాంతాలు రావడం మొదలయ్యాయి. కాని లీడుల చిక్కు అలాగే ఉండిపోయింది. 1986లో జూరిచ్‌లో బెడ్నోర్జ్, ముల్లర్ అనే ఇద్దరు, రాగి ఆక్సైడు ఉన్న పింగాణీలాంటి పదార్థంలో 30 కెల్విన్ల పైన అతివాహకత్వం చూశారు. రెండేళ్ళు తిరక్కుండానే అది 77 కెల్విన్లు, అంటే ద్రవ నైట్రోజన్ హద్దు, దాటిపోయింది. ఈ పింగాణీ అతివాహకాలు పెళుసు, చుట్టలు చుట్టడం కష్టం. కాని లీడుకి చుట్టాల్సిన పని లేదు కద! పైగా వీటికి లోహాలకి లేని గుణం ఒకటుంది. అతివాహక స్థితిలో కరెంటుకి నిరోధం సున్నా, వేడిని మాత్రం బాగా మొయ్యవు. జంటలు కట్టి ప్రవహించే ఎలక్ట్రాన్లు వేడిని వెంట తీసుకుపోవు. 1853 నాటి సూత్రపు బంధం అక్కడ తెగిపోయింది.

జెనీవా దగ్గర సెర్న్ సంస్థవారి పెద్ద కణ త్వరణ యంత్రంలో ఈ ఉపాయమే వాడారు. లీడుని రెండు ముక్కలుగా చేశారు. గది నుంచి సుమారు 50 కెల్విన్ల దాకా రాగి, దాన్ని 20 కెల్విన్ల హీలియం వాయువుతో చల్లబరుస్తారు. అక్కడ నుంచి కిందికి బిస్మత్ జాతి అతివాహకపు రిబ్బన్లు. ఆ రిబ్బన్ల తొడుగు వెండితో చేస్తారు. ఉత్త వెండి అయితే వేడిని మోసుకుపోతుందని అందులో సుమారు 5 శాతం బంగారం కలిపారు. బంగారం కలిపింది సొగసుకి కాదు, వెండి చురుకుదనం తగ్గించడానికి! లీడు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం రిబ్బన్ల ముఖానికి అడ్డంగా తగిలితే వాటి సత్తువ తగ్గుతుంది కాబట్టి వాటిని స్తంభం చుట్టూ వరసగా పేర్చారు. ఎక్కడైనా అతివాహకత్వం తప్పితే కొద్ది మిల్లీవోల్టుల తేడాని పసిగట్టి కరెంటు తగ్గించే ఏర్పాటు పెట్టారు. ఇలాంటి లీడులు వెయ్యికి పైగా ఉన్నాయి, 600 ఆంపియర్లవి మొదలుకొని 13,000 ఆంపియర్లవి దాకా. చలిలోకి జారే వేడి పాత పద్ధతితో పోలిస్తే పదో వంతు స్థాయికి దిగింది. ఆ యంత్రంలో ప్రధాన అయస్కాంతాల క్షేత్రం 83,000 గాస్‌లు దాటేలా కట్టారు. అంటే షికాగోలో ఓన్నెస్ అడిగిన లక్షకి దగ్గర దగ్గర. అందులో మొదటి కిరణపుంజం తిరిగింది 2008 సెప్టెంబరు 10న, హీలియం ద్రవమైన నూరేళ్ళకి. తొమ్మిది రోజులు తిరక్కుండానే, అయస్కాంతాల మధ్య అతివాహక తీగల అతుకు ఒకటి చెడిపోయి, టన్నుల కొద్దీ హీలియం బయటపడి, యంత్రం ఏడాదికి పైగా మూలపడింది. చెడింది లీడు కాదు. అయినా అతుకంత చిన్నది ఎంత పెద్దదాన్ని ఆపగలదో అది గుర్తుచేసింది.

ఓన్నెస్ ఆఖరి రోజుల సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన ఆరోగ్యం మొదటి నుంచీ అంతంతమాత్రమే. అయినా మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, ఆ తర్వాతా, ఎదురు పక్షాలుగా చీలిపోయిన శాస్త్రజ్ఞుల్ని మళ్ళీ కలపడానికీ, తిండిలేక అల్లాడే దేశాల్లో పిల్లలకి సాయం అందించడానికీ ఎంతో పాటుపడ్డాడు. హీలియాన్ని గడ్డకట్టించాలని చివరిదాకా చూశాడు. ఒక కెల్విన్ కిందికి తీసుకుపోయినా అది గడ్డకట్టలేదు. 1926 ఫిబ్రవరి 21న కన్నుమూశాడు. ఆ సంవత్సరమే ఆయన శిష్యుడు కీసోమ్, చలికి ఒత్తిడి కూడా జోడించి ఆ పని సాధించాడు. అంతిమయాత్ర నాడు ఊరేగింపు ఆలస్యమై శవవాహనం జోరుగా సాగితే, వెనక నడుస్తున్న లేబరేటరీ పనివాళ్ళు నల్లకోట్లలో చెమటలు కక్కుతూ పరుగెత్తారనీ, పోయాక కూడా ముసలాయన మనల్ని పరుగెత్తిస్తున్నాడని వాళ్ళలో ఒకరు అనుకున్నారనీ ఒక కథ చెప్పుకుంటారు. అందులో విసుగు ఉంది, అంతకు మించిన ప్రేమ ఉంది.

మిత్రులారా, ఆయన కోరిన అయస్కాంతం ఆయన కళ్ళతో చూడలేదు. అది నిజమవడానికి కావలసిన తీగ ఒక తరం తర్వాత వచ్చింది, ఆ తీగకి కరెంటు అందించే సరైన దారి ఇంకో తరం తర్వాత వచ్చింది. కాని ఆరువందల గాస్‌ల దగ్గర తన ఆశ విరిగిపోయిందని తెలిసిననాడు, ఓన్నెస్ ఆ అంకెని దాచలేదు. కొలిచి, రాసి, అచ్చువేసి వెళ్ళాడు. తర్వాతివాళ్ళు బయలుదేరింది అక్కడి నుంచే. మన లేబరేటరీ రికార్డుల్లో కూడా అనుకున్న జవాబు రాని రోజులు ఉంటాయి. పక్కవాడి రికార్డు చూసి అంకె దిద్దుకోబోయే ముందు, ఒక్కసారి ఆ పెద్దాయన్ని తలుచుకుందాం.